స్కూలు బస్సు వాడ ముందు ఆగాలంటే

తెలుగు ఊళ్ళలో స్కూలు బస్సులు ఆగే చోట్ల పేర్లు ఒకసారి వరుసగా చెప్పుకుందాం. రామాలయం సెంటరు, పంచాయతీ ఆఫీసు, రావిచెట్టు, పాలకేంద్రం, గాంధీ బొమ్మ. హైవే పక్కన ఉన్న ఊరైతే అడ్డరోడ్డు, తెలంగాణలో అయితే స్టేజీ. ఈ జాబితాలో మాలపల్లె, మాదిగవాడ, అరుంధతివాడ, ఎస్సీ కాలనీ అనే పేర్లు ఎంత అరుదుగా వస్తాయో గమనించండి. బస్సు వాడ మీదుగా పోయినా ఊళ్ళోకి వెళ్ళాకే ఆగుతుంది. వాడ పిల్లలు పుస్తకాల సంచులు వేసుకుని బస్సు వెనకాలే ఊరి దాకా నడుస్తారు.

ఇది చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. భూమి, దాడులు, ఉద్యోగాలు, స్కాలర్‌షిప్‌ల ముందు బస్సు స్టాపు ఏపాటిదని మన సంఘాల్లోనే కొందరు అడుగుతారు. బస్సు ఎక్కడ ఆగుతుందన్నది ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయమని, ఆ నిర్ణయాన్ని మార్చే దారులు మన చేతిలో ఉన్నాయని, అయితే అడిగే పద్ధతిని బట్టి మనకు దక్కేది మారిపోతుందని ఈ వ్యాసంలో చెప్పదలిచాం. వాడ వీధిలో పిల్లలు ఎక్కే, దిగే చోటును ఏర్పాటు చేయించుకోవాలనుకునే కార్యకర్తలకు, విద్యార్థులకు పనికొచ్చేలా చట్టం, రోడ్డు, చరిత్ర అన్నిటినీ ఒక దగ్గర పెట్టే ప్రయత్నమిది.

స్టాపును ఎవరు నిర్ణయిస్తారు?

ప్రైవేటు స్కూలు బస్సు విషయంలో కాగితం మీద నిర్ణయం యాజమాన్యానిది. ఆచరణలో అది డ్రైవరుది, మొదటి ఏడాది ఫీజు కట్టిన నాలుగైదు కుటుంబాలది. వాళ్ళ ఇంటి ముందు బస్సు ఒకసారి ఆగిందంటే అదే స్టాపు అవుతుంది. తర్వాత చేరిన వాళ్ళందరూ అక్కడికే రావాలి. మొదట ఫీజు కట్టగలిగింది ఎవరు, వాళ్ళ ఇళ్ళు ఎక్కడ ఉన్నాయి అన్నదాన్ని బట్టి బస్సు దారి గీసుకుంటుంది. అలా డబ్బు లెక్కగా మొదలైంది కులం గీసిన దారిలోనే స్థిరపడుతుంది. ఎవరూ నోరు తెరిచి ఏమీ అననక్కరలేదు.

ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు విషయంలో నిర్ణయం డిపోది. అధికారిక స్టేజీలతో పాటు రిక్వెస్ట్ స్టాపులు ఉంటాయి. ఊరి పెద్దలు ఎప్పుడో ఇచ్చిన అర్జీతో వచ్చిన స్టాపే ఇప్పటికీ నడుస్తుంటుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఈ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. అయితే ఆగని బస్సులో టికెట్టు ఉచితమైనా ఆడపిల్లకు ఒరిగేది లేదు.

వాడలో బస్సు ఎందుకు ఆపరని అడిగితే మూడు జవాబులు వస్తాయి. రోడ్డు ఇరుకు. టైం సరిపోదు. ఎక్కే పిల్లలు తక్కువ. మూడిట్లోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ రోడ్డు ఇరుకైంది వాడకు రోడ్డు ఆఖర్న వేశారు కాబట్టి. పిల్లలు తక్కువగా ఎక్కేది బస్సు రాదు కాబట్టి. టైం విషయానికొస్తే, ఊళ్ళో వంద గజాలకొకసారి ఆగే బస్సుకు వాడ దగ్గర అర నిమిషం దొరక్కపోవడానికి కారణం గడియారంలో లేదు. ఒక అన్యాయం ఫలితాన్ని ఇంకో అన్యాయానికి కారణంగా చూపించే వాదన ఇది. దీన్ని విడదీసి చూపించడమే మన మొదటి పని.

ప్రయాణానికీ కులానికీ ఉన్న ఈ లంకె పాతది. 1901లో తొమ్మిదేళ్ళ భీమ్‌రావ్ అన్నతో, మేనల్లుళ్ళతో కలిసి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయలుదేరి మసూర్ స్టేషన్లో రైలు దిగాడు. మహర్ పిల్లలని తెలియగానే ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకునే షరతు మీద కదిలారు. బండివాడు పక్కన నడిచాడు. అంబేద్కర్ తన జ్ఞాపకాల్లో దీన్ని మొదటి అనుభవంగా రాసుకున్నారు. పిల్లవాడికి కులం అర్థమయ్యే మొదటి చోటు చాలాసార్లు బడి గది కూడా కాదు, బడికి పోయే దారి.

నడక ఖరీదు

బస్సు కోసం నడిచే అర కిలోమీటరు, కిలోమీటరు దూరాన్ని పెద్దవాళ్ళు లెక్కలోకి తీసుకోరు. పిల్లల వైపు నుంచి చూస్తే ఆ లెక్క వేరు. వాడలో చాలా ఇళ్ళల్లో అమ్మానాన్నలు తెల్లవారకముందే కూలికి పోతారు. పిల్లల్ని స్టాపు దాకా దించే మనిషి ఉండరు. ఆరేళ్ళ పిల్లను పదేళ్ళ అక్క చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. వానాకాలంలో దారి బురద. బస్సు ముందే వెళ్ళిపోతే ఆ రోజు బడి లేనట్టే. ఊళ్ళో పిల్లవాడు ఇంట్లోంచి హారన్ విని పరుగెత్తి వస్తాడు. వాడ పిల్లకు హారన్ వినపడదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో భారం కలుస్తుంది. ఏడో తరగతి, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పొద్దునా సాయంత్రం ఊరి మధ్య నుంచి నడవడం, రచ్చబండ దగ్గర నిలబడటం, అక్కడి మాటలు భరించడం. ఇంట్లోవాళ్ళు గొడవ ఎందుకని బడి మానిపించడానికి ఇది చాలు. బడి రికార్డులో 'డ్రాపౌట్' అని ఒక్క మాట పడుతుంది. దారిలో ఏం జరిగిందో రాయడానికి ఆ రిజిస్టర్లో గడి లేదు.

దూరం కూడా తరచూ పైనుంచి వచ్చిన నిర్ణయాలతో పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన జీవో 117తో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కిలోమీటరు లోపు హైస్కూళ్ళకు కలిపారు. దాన్ని 2025లో రద్దు చేశారు. వాడలోనో, వాడ అంచునో ఉన్న ప్రాథమిక పాఠశాల నుంచి ఎనిమిదేళ్ళ పిల్ల రోడ్డు దాటి వెళ్ళాల్సిన పరిస్థితిని కిలోమీటరు కొలత చూడలేదు. మ్యాపు మీద కిలోమీటరు అందరికీ ఒకటే. మధ్యలో హైవే ఉందా, చెరువు కట్ట ఉందా, ఎవరి వీధి ఉందా అన్నదాన్ని బట్టి ఆ కిలోమీటరు మారిపోతుంది.

దారి ప్రాణాల సమస్య కూడా. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సును రైలు ఢీకొని చిన్నారులు చనిపోయారు. పల్లె పిల్లల బస్సు ఏ దారిన పోతోంది, ఎక్కడ ఆగుతోంది అని అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉండాలని ఆ దుర్ఘటన చెప్తోంది.

ఒక బస్సు కోసం మొదలైన కేసు

స్కూలు బస్సు అడగడం ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలంటే అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం, క్లారెండన్ కౌంటీ కథ తెలియాలి. 1954 నాటి బ్రౌన్ తీర్పు గురించి మన విద్యార్థులు చదువుతారు. తెల్లవాళ్ళకు, నల్లవాళ్ళకు వేరువేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని చెప్పిన తీర్పు అది. అందులో కలిసిన ఐదు కేసుల్లో ఒకటి, బ్రిగ్స్ వర్సెస్ ఎలియట్, ఒక బస్సు అర్జీతో మొదలైంది.

1940ల చివర్లో ఆ కౌంటీలో తెల్ల పిల్లల కోసం 30 స్కూలు బస్సులు నడిచేవి. సంఖ్యలో వాళ్ళకంటే ఎంతో ఎక్కువగా ఉన్న నల్ల పిల్లలకు ఒక్కటి కూడా లేదు. కొంతమంది పిల్లలు మైళ్ళ కొద్దీ నడిచేవాళ్ళు. నల్లజాతి తల్లిదండ్రులు చందాలు వేసుకుని ఒక పాత బస్సు కొన్నారు. అది మాటిమాటికీ చెడిపోయేది. కనీసం పెట్రోలు ఖర్చయినా ఇవ్వమని అధికారులను అడిగితే కుదరదన్నారు. అప్పుడు జోసెఫ్ డిలేన్ అనే పాస్టరు, టీచరు ప్రోత్సాహంతో లెవీ పియర్సన్ అనే రైతు 1947లో బస్సు కోసం అర్జీ పెట్టాడు. మరుసటి ఏడాది కేసు వేశాడు. అతని పొలం రెండు స్కూలు డిస్ట్రిక్టుల సరిహద్దు మీద ఉందని, పన్ను కడుతున్నది వేరే డిస్ట్రిక్టులోనని ఆ కేసును కొట్టేశారు.

సాంకేతిక కారణంతో కేసు పోయాక వాళ్ళు ఇంటికి పోలేదు. ఎన్ఏఏసీపీ న్యాయవాది తుర్గుడ్ మార్షల్ ఒక్క మనిషి కాదు, పదుల మంది తల్లిదండ్రులు సంతకం పెట్టాలన్నాడు. పెట్టారు. పేర్లలో ముందున్నది హ్యారీ బ్రిగ్స్. ఆయన పెట్రోలు బంకులో పనివాడు. ఉద్యోగం పోయింది. మోటల్లో పనిచేసే ఆయన భార్య ఎలైజా ఉద్యోగమూ పోయింది. పియర్సన్‌కు అప్పులు పుట్టలేదు, కోత యంత్రం అద్దెకిచ్చేవాళ్ళు లేకుండా పోయారు. డిలేన్ ఇల్లు తగలబడింది, ఆ తర్వాత చర్చి తగలబడింది. చివరికి ఆయన ఆ రాష్ట్రమే వదిలి వెళ్ళాల్సివచ్చింది. మన దగ్గర దీన్ని సాంఘిక బహిష్కారం అంటాం. కిరాణా కొట్లో సరుకులివ్వకపోవడం, ట్రాక్టరు రాకపోవడం, కూలికి పిలవకపోవడం తెలిసిన వాళ్ళకు క్లారెండన్ కొత్త ఊరు కాదు.

ఈ కథలో మనం ముఖ్యంగా చూడాల్సింది తర్వాతి మలుపు. కేసు వేర్పాటును సవాలు చేసే దాకా వచ్చాక, 1951లో ఆ రాష్ట్ర గవర్నర్ జేమ్స్ బర్న్స్ మూడు శాతం అమ్మకపు పన్ను వేసి, నల్ల పిల్లలకు కొత్త బడులు కట్టించడానికి, బస్సులు నడపడానికి పెద్ద కార్యక్రమం మొదలుపెట్టాడు. అంటే మొదట అడిగిన బస్సు వచ్చింది. అయితే అది పిల్లల్ని కలపకుండా ఉంచడానికి వచ్చిన బస్సు. వసతులు సమానంగా ఇస్తాం, వేరుగా ఉండండి అన్నదే ఆ లెక్క. క్లారెండన్ తల్లిదండ్రులు ఆ బేరానికి ఒప్పుకోలేదు. వసతితో పాటు గౌరవం కూడా అడిగారు. మన స్టాపు విషయంలో కూడా చివరికి ఎదురయ్యే ప్రశ్న ఇదే. దాని దగ్గరికి మళ్ళీ వద్దాం.

చట్టం ఎంత దూరం వస్తుంది?

రాజ్యాంగం 15(2) అధికరణం ప్రభుత్వ నిధులతో నడిచే రోడ్లు, బహిరంగ స్థలాల వాడకంలో కులం పేరుతో ఎవరికీ ఆటంకం ఉండకూడదంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ రోడ్డు, దారి, ప్రజా రవాణా వాడకుండా అడ్డుకోవడాన్ని నేరం చేసింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) చేరింది. ప్రజా రవాణా వాహనాన్ని, రోడ్డును, దారిని ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకుండా అడ్డుకోవడం, విద్యాసంస్థలోకి రానివ్వకపోవడం దాని కిందికి వస్తాయి. సెక్షన్ 3(1)(జెడ్‌సీ) సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని, ఆ బెదిరింపును కూడా నేరంగా చెప్తుంది.

ఇక్కడ మన కార్యకర్తలు జాగ్రత్తగా ఉండాలి. వాడలో స్టాపు లేకపోవడమే అట్రాసిటీ కేసు కాదు. ఎవరు, ఎప్పుడు, ఎలా అడ్డుకున్నారో చూపించగలగాలి. వాడ పిల్లలు ఇక్కడ నిలబడకూడదని అన్నవాళ్ళు ఉంటే, వాడలో ఆపితే మా పిల్లల్ని పంపమని స్కూలును బెదిరించిన వాళ్ళు ఉంటే, కులాన్ని బట్టి డ్రైవరు ఎక్కించుకోకపోతే అప్పుడు ఆ సెక్షన్లు పనికొస్తాయి. మిగతా సందర్భాల్లో మన దారి పాలనాపరమైన హక్కుల దారి. తొందరపడి పెట్టిన కేసు నిలవకపోతే, రేపు నిజమైన దాడి జరిగినప్పుడు మన మాటకు బలం తగ్గుతుంది.

పాలనాపరమైన దారిలో విద్యాహక్కు చట్టం మొదటిది. కేంద్ర నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదికి మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా లాంటి ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. వైకల్యం ఉన్న పిల్లలకు తగిన, భద్రమైన రవాణా కోసం ప్రయత్నించాలి. చాలామంది గమనించని మాట ఇంకొకటి ఉంది. ఇంటి నుంచి బడికి వెళ్ళే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉంటే ఆ దూరపు పరిమితులను తగ్గించి బడి చోటు నిర్ణయించాలని అవే నిబంధనలు చెప్తున్నాయి. అంటే కొలతతో పాటు ప్రమాదం కూడా లెక్కలోకి వస్తుంది. మన అర్జీలో దూరం మాత్రమే రాయడం పొరపాటు, దారిలో ఉన్న ప్రమాదాలు రాయాలి. సమగ్ర శిక్షలో అర్హత ఉన్న పిల్లలకు ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయల దాకా రవాణా భత్యం ఇచ్చే ఏర్పాటుంది. హెడ్‌మాస్టరు, ఎంఈఓ ప్రతిపాదిస్తేనే అది కదులుతుంది.

రెండోది మోటారు వాహనాల చట్టం, 1988. 117వ సెక్షన్ వాహనాలు నిలిపే చోట్లను, ప్రయాణికుల వాహనాలు ఎక్కువసేపు ఆగే చోట్లను స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు ఇచ్చింది. 215వ సెక్షన్ కింద జిల్లా రోడ్డు భద్రతా కమిటీలున్నాయి. స్కూలు బస్సుల విషయంలో సుప్రీంకోర్టు 1997లో ఎం.సి. మెహతా కేసులో ఇచ్చిన ఆదేశాలు కూడా మనకు పనికొస్తాయి. డ్రైవరుకు భారీ వాహనాలు నడిపిన ఐదేళ్ళ అనుభవం, బస్సులో శిక్షణ ఉన్న సహాయకుడు, గట్టి తాళాలున్న తలుపులు, బస్సు మీద స్కూలు పేరు, ఫోన్ నంబరు ఉండాలని అందులో ఉంది. తల్లిదండ్రులు బస్సు ఎక్కి భద్రత ఎలా ఉందో చూసుకోవచ్చని కూడా ఉంది. ఈ చివరి మాటను వాడాలి. వాడ నుంచి ఒక తల్లి రెండు రోజులు బస్సులో వెళ్ళి వస్తే ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో, ఎవరు నిలబడుతున్నారో తెలిసిపోతుంది.

చోటు ఎంచుకోవడం

స్టాపు అడిగేముందు మనమే చోటు చూసుకోవాలి. అధికారి వచ్చి ఎక్కడ ఆపమంటారు అనగానే నలుగురు నాలుగు చోట్లు చూపిస్తే పని ఆగిపోతుంది.

మొదట చూడాల్సింది బస్సు ఎలా తిరుగుతుంది అన్నది. నిబంధనల ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. కాలనీ సీసీ రోడ్డు మూడు మీటర్లే ఉంటే బస్సు దూరుతుంది గానీ ఎదురుగా ఆటో వస్తే తప్పుకోలేదు. వీధి చివర దారి మూసుకుపోయి ఉంటే వెనక్కి తీయాలి. పిల్లలు గుంపుగా ఉన్న చోట బస్సు రివర్సు తీయడం అన్నిటికంటే ప్రమాదం. డ్రైవరుకు వెనక చిన్న పిల్ల కనపడదు. కాబట్టి రివర్సు తీయాల్సిన చోటును మనమే వద్దనాలి. వీధి రెండు వైపులా తెరిచి ఉంటే బస్సు ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోతుంది. లేకపోతే వాడ మొదట్లో, చాలా ఊళ్ళలో అంబేద్కర్ విగ్రహం ఉండే ఆ కూడలి దగ్గర, స్టాపు పెట్టుకోవడం మేలు. చిన్న వ్యాన్ అడగడం ఇంకో మార్గం.

రెండోది రోడ్డు దాటడం. మన దగ్గర బస్సు తలుపు ఎడమవైపు ఉంటుంది. వాడ రోడ్డుకు ఒకే పక్కన ఉంటే, పొద్దున పోయేటప్పుడు గానీ సాయంత్రం వచ్చేటప్పుడు గానీ పిల్లలు రోడ్డుకు అవతలి వైపు ఎక్కాలి లేదా దిగాలి. రెండు పూటల్లో ఒక పూట రోడ్డు దాటడం తప్పదు. సాయంత్రం అలసిపోయి దిగిన పిల్లలు బస్సు ముందు నుంచి ఇంటివైపు పరుగెత్తుతారు. వెనక నుంచి దాటేసి వచ్చే లారీకి వాళ్ళు కనపడరు. బస్సు వాడలోకి తిరిగి వెళ్ళగలిగితే ఈ సమస్య లేదు. లేకపోతే సహాయకుడు దిగి దాటించాలన్న షరతు రాతలో ఉండాలి.

మూడోది రోడ్డు స్వభావం. మలుపు దగ్గర, కల్వర్టు లేదా వంతెన మీద, జంక్షన్‌కు ఆనుకుని స్టాపు పెట్టకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెప్తాయి. నిలబడే చోట మురుగు కాల్వ ఉంటే దాని మీద పలక వేయించాలి. నీడ, వీధి దీపం, నాలుగడుగుల వెనక పిల్లలు నిలబడే గీత, 'స్కూలు పిల్లలు' హెచ్చరిక బోర్డు అడగాలి. వీధి దీపాలు, ఊరి రోడ్ల నిర్వహణ గ్రామ పంచాయతీ బాధ్యతలే. కాలనీలో రోడ్డు వెడల్పుకు, కాల్వ పలకలకు ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం కింద, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ప్రతిపాదన పెట్టించవచ్చు. స్పీడు బ్రేకరు ఎవరికి వాళ్ళు వేసుకునేది కాదు. రోడ్డు ఎవరిదో వాళ్ళే వేయాలి.

అడిగే వరుస

వేళ ముఖ్యం. మన రెండు రాష్ట్రాల్లోనూ స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది, బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. ఈ మధ్య కాలంలోనే బస్సులు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్తాయి, రూట్లు ఖరారవుతాయి, అడ్మిషన్ల కోసం టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు. ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్‌కు స్టాపు వస్తుంది. ఆగస్టులో అడిగితే వచ్చే ఏడు చూద్దామంటారు.

మొదటి పని లెక్క. వాడలో బడి ఈడు పిల్లలెందరు, ఎవరు ఏ బడికి, ఎన్నింటికి బయలుదేరుతారు, ఎంత నడుస్తారు, ఎక్కడ రోడ్డు దాటుతారు, వైకల్యం ఉన్నవాళ్ళెవరు, గత రెండేళ్ళలో బడి మానేసిన ఆడపిల్లలెవరు. ఒక వారం పొద్దున, సాయంత్రం స్టాపు దగ్గర నిలబడి టైములు రాసుకోవాలి. చేత్తో గీసిన మ్యాపు చాలు. డిగ్రీ చదివే మన విద్యార్థులు రెండు రోజుల్లో చేయగల పని ఇది. 'ఎక్కే పిల్లలు తక్కువ' అన్న వాదనకు ఇదే జవాబు.

రెండోది రోడ్డు ఎవరిదో తెలుసుకోవడం. పంచాయతీదా, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ శాఖదా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారా. తెలియకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో చెప్పాలి. తప్పు ఆఫీసుకు పెట్టిన అర్జీ నెలల తరబడి టేబుళ్ళు మారుతుంది.

మూడోది గ్రామసభ తీర్మానం. ఇక్కడే అసలు కష్టం. సర్పంచ్ మన వాడైనా మనసులో ఊరిని చూసి భయపడవచ్చు. అయినా తీర్మానం కోసం ప్రయత్నించాలి, తిరస్కరిస్తే ఆ విషయం మినిట్స్‌లో రాయించాలి. ఒక్కరి పేరుతో అర్జీ పెట్టొద్దు. క్లారెండన్ నేర్పిన పాఠం అదే. వాడలో ప్రతి ఇంటి నుంచి సంతకం, వీలైతే ఆడవాళ్ళ సంతకాలు ముందు. ఒక్కరు ముందుంటే ఆ ఒక్కరి కూలి పోతుంది. వంద మంది ఉంటే ఊరికి కూలీలు దొరకరు.

నాలుగోది ఎవరికి ఇవ్వాలి. ప్రైవేటు బస్సైతే యాజమాన్యానికి, ప్రతి ఎంఈఓకు, ఆర్టీఓకు. ఆర్టీసీ అయితే డిపో మేనేజరుకు. రోడ్డు పనులకు సంబంధిత ఇంజినీరుకు. అన్నిటి ప్రతులు కలిపి సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వాలి, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. రశీదు తీసుకోవాలి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఎజెండాలో పెట్టమని ప్రత్యేకంగా రాయాలి.

ఐదోది మనం వాడుకోని వేదిక. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం జరపాలి. తహశీల్దారు, ఎస్ఐ వాడకు వచ్చి సమస్యలు వినాలి. చాలాచోట్ల ఫొటో దిగి వెళ్ళే తంతుగా మారింది. ఆ రోజు అధికారులను వాడ నుంచి బస్సు స్టాపు దాకా పిల్లలతో కలిసి నడిపించండి. చెప్పడం కంటే నడిపించడం బలమైన అర్జీ. అక్కడా కదలకపోతే అత్యాచారాల నిరోధక నిబంధనల కింద కలెక్టర్ అధ్యక్షతన మూడు నెలలకొకసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ ఉంది. దాని సభ్యుల్లో మనవాళ్ళుంటారు. వాళ్ళ చేత అడిగించాలి.

వేరే స్టాపా, ఒకే స్టాపా?

ఇప్పుడు ముందు వాయిదా వేసిన ప్రశ్న. మనం అడగ్గానే కొన్నిసార్లు పని సులువుగా అయిపోతుంది. సరే, మీ కాలనీకి వేరే ఆటో పంపుతాం, మీ పిల్లలకు వేరే ట్రిప్పు వేస్తాం అంటారు. తల్లిదండ్రులకు సంతోషమే. పిల్లలు నడవక్కర్లేదు, ఊళ్ళో మాటలు పడక్కర్లేదు. దాన్ని కాదనమని మేం చెప్పడం లేదు. రోజూ భయంతో నడిచే పిల్లకు ఆ ఆటో పెద్ద ఊరట.

కానీ ఆ ఊరటకు ఏం ధర కడుతున్నామో తెలిసి ఒప్పుకోవాలి. ఊరి పిల్లలకు పసుపు బస్సు, వాడ పిల్లలకు కిక్కిరిసిన ఆటో అయితే అది బర్న్స్ గవర్నర్ ఇచ్చిన బేరమే. రెండు గ్లాసుల పద్ధతి చక్రాలెక్కి వచ్చినట్టు. మరోవైపు ఒకే స్టాపు పేరుతో ఊరి మధ్య స్టాపునే ఉంచితే వాడ పిల్లల నడక అలాగే ఉంటుంది. కలిసి ఉండటం కోసం నడిచే భారం ఎప్పుడూ ఒక్క వైపు వాళ్ళదే ఎందుకవ్వాలి?

మేం దీనికి ఒక కొలబద్ద పెట్టుకున్నాం. బస్సు ఒకటే ఉండాలి, అది రెండు చోట్లా ఆగాలి. లేదా ఊరికీ వాడకీ మధ్య సమాన దూరంలో ఒక్క స్టాపు ఉండాలి, ఊరి పిల్లలు కూడా అంతే నడవాలి. అదే బస్సు, అదే సహాయకుడు, అదే ఫీజు. సీటు విషయం కూడా చిన్నది కాదు. మొదట ఎక్కిన వాళ్ళకు సీట్లు దొరుకుతాయి, ఆఖర్న ఎక్కిన వాళ్ళు నిలబడతారు. ఒక టర్ము బస్సు వాడ నుంచి మొదలైతే ఇంకో టర్ము ఊరి నుంచి మొదలవ్వాలి. తొందరగా లేచే కష్టం, సీటు దొరికే సుఖం రెండూ పంచుకోవాలి. వేరే ఆటో తప్పనిసరైతే అది ఈ విద్యా సంవత్సరానికే అని రాతలో ఉండాలి.

స్టాపు పేరు మీద కూడా పట్టుబట్టాలి. రూటు చార్టులో 'ఎస్సీ కాలనీ' అని రాస్తే పిల్లలు దిగే ప్రతిసారీ కులం పిలిచినట్టే. 'అంబేద్కర్ సెంటర్' అని రాస్తే అది ఒక కూడలి. అక్కడ రేపు ఊరి పిల్లవాడూ ఎక్కవచ్చు.

వచ్చే ఏప్రిల్‌కు ముందే ప్రతి మండలంలో మన విద్యార్థి సంఘాలు ఒక్కో వాడను ఎంచుకుని లెక్క తీయడం మొదలుపెట్టాలని మేం కోరుతున్నాం. చోటు, మ్యాపు, టైములు, సంతకాలు, ఏ ఆఫీసు ఏం జవాబిచ్చింది అన్నీ రాసి పెట్టుకోండి. పక్క మండలంలో తిరస్కరించిన కారణం మీ మండలంలో చెల్లకపోవచ్చు, ఒక డిపో ఇచ్చిన స్టాపు ఇంకో డిపోకు ఉదాహరణ అవుతుంది. ఈ కాగితాలు ఒకచోట చేరితే ఒక్కో వాడ అర్జీ జిల్లా డిమాండ్ అవుతుంది. క్లారెండన్‌లో కూడా కథ ఒక అర్జీ కాగితంతోనే మొదలైంది.